తెల్లగీతకు అవతల

కార్లు బాగుచేసేవాడికి నోరు మెత్తగా ఉంటే కుదరదు. నాదసలే మెత్తనిది కాదు. ఆత్మకూరులో నా షెడ్డుకు వచ్చిన ప్రతివాడూ నాలుగు తిట్లు తినే పోతాడు. స్టెప్నీలో గాలి ఉండదు. సీటు బెల్టు కూత పెడుతోందని దాన్ని వీపు వెనకనుంచి తిప్పి క్లిప్పుకు తగిలిస్తారు. బండి ఆగినప్పుడు వెనక పెట్టాల్సిన ఎర్ర త్రికోణం, కొన్ననాటి కవరులోనే డిక్కీలో పడి ఉంటుంది. దానికి బదులు మా వైపు అందరూ చేసేది ఒకటే. పక్కనున్న రాళ్ళు తెచ్చి బండి వెనక రోడ్డు మీద పేరుస్తారు. పని కాగానే బండెక్కి పోతారు. రాళ్ళు మాత్రం నడిరోడ్డు మీదే ఉండిపోతాయి. అందుకే రోడ్డు మీద బాగుచేయడానికి వెళ్తే, రాళ్ళు తీసేదాకా బండి తాళంచెవి నా జేబులోంచి బయటికి రాదు. "వరదయ్య రూలు" అని నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నాకేం?

సీతారామపురం కొండలయ్య మీద నాకు కోపమూ ఎక్కువే, ఇష్టమూ ఎక్కువే. గొర్రెలు మేపుకునే మనిషి. కొన్ని జీవాలు అమ్మి పాత కారొకటి కొన్నాడు. అందులో గొర్రెపిల్లల్ని కూడా ఎక్కించేవాడు. "ఏందిరా ఇది, కారా, దొడ్డా?" అని అరిస్తే, "అవీ బిడ్డలే గదన్నా" అనేవాడు. ఇంకేమని తిట్టను?

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేశాడు.

"అన్నా, టైరు పగిలింది. మస్తానమ్మకు కడుపునొప్పి, ఆత్మకూరు ఆస్పత్రికి తీసకపోతా ఉండా. స్టెప్నీ చూస్తే దాంట్లోనూ గాలి లేదు."

ఉదయగిరి రోడ్డులో, ఆత్మకూరు ఇంకో పన్నెండు కిలోమీటర్లుందనగా, ఒక మలుపులో ఆగిపోయారు. తిట్టుకుంటూనే టైరొకటి వ్యానులో వేసుకుని వెళ్ళాను. కారు వెనక మూడు రాళ్ళు పెట్టి ఉన్నాయి. అతని భార్య మస్తానమ్మ వెనక సీట్లో ముడుచుకుని మూలుగుతోంది. నా వ్యానులోకి మారుద్దామంటే, కదిలిస్తే చాలు కేకపెడుతోంది. జాకీ ఎత్తి, నట్లు విప్పి, పది నిమిషాల్లో టైరు మార్చేశాను. కొండలయ్య అలవాటు కొద్దీ రాళ్ళ వైపు నడవబోయాడు.

"ముందు ఆమెను చూడరా. నువ్వు పో, రాళ్ళు నేను తీస్తా," అన్నాను.

రెండు చిన్న రాళ్ళను ఎత్తి పక్క గుంతలోకి విసిరేశాను. మూడోది పెద్దది. నడుము నొప్పివాణ్ణి, ఎత్తలేకపోయాను. దొర్లించి దొర్లించి, రోడ్డు చివరి తెల్లగీత దాటించి, మార్జిన్ మట్టిలో వదిలేశాను. ఇంత అంచుకు ఏ కారు వస్తుందిలే అనుకున్నాను. చేతులు తుడుచుకుని వచ్చేశాను.

సాయంత్రం గొర్రెల్ని దొడ్లోకి తోలి, వాళ్ళ కొడుకు కేశవ తల్లికి రెండు చీరలు, ప్లాస్కులో గంజి తీసుకుని బైకు మీద బయలుదేరాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, ఒక్కగానొక్క కొడుకు. ఆ మలుపుకు వచ్చేసరికి మసకచీకటి పడింది. ఎదురుగా లారీ, కళ్ళలోకి కొట్టే లైట్లు. అలాంటప్పుడు బైకువాడు ఏం చేస్తాడు? మార్జిన్లోకి దిగుతాడు. కార్లతోనే ముప్పై ఏళ్ళు గడిపిన నాకు, బైకుకు మార్జినే రోడ్డని తట్టలేదు. లారీ డ్రైవరే ఆగి, కేశవను ఎత్తుకుని ఆస్పత్రికి చేర్చాడట. లోపల తల్లికి ఆపరేషన్ జరుగుతోంది. బయట కొడుకు అప్పటికే లేడు.

మర్నాడు పొద్దున్నే ఆ మలుపుకు వెళ్ళాను. మట్టిలో గంజి చారలు కట్టి ఎండిపోయింది. రాయి మీద నల్లగా నాలుగు వేళ్ళ గ్రీజు మరకలు. వాటి మీద నా చెయ్యి ఆనించి చూశాను. చూడక్కర్లేదు, నావే. ఒరే వరదయ్యా, ఎంత పని చేశావురా అని అక్కడే కూలబడి ఏడ్చాను.

ఏడ్చి మాత్రం ఏం చేశాను? ఎవరికీ చెప్పలేదు. మట్టి చేసే రోజున కొండలయ్య నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రాళ్ళు పెట్టింది నేనే గదన్నా. నాలుగు పెట్టినానేమో. నువ్వు మూడే చూసుంటావు. నా చేతులతో నేనే నా బిడ్డను..."

మూడేరా, నాలుగు కాదు అనాలి. ఊరందరినీ తిట్టే నా నోరు ఆ ఒక్క మాటకు పెగల్లేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఇక తట్టుకోలేక సీతారామపురం వెళ్ళాను. కొండలయ్య దొడ్డి దగ్గర కూర్చుని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. మూడో రాయిని మార్జిన్లో వదిలింది నేనేనని, దాని మీద నా వేళ్ళ మరకలున్నాయని. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

అతను గొర్రెల వైపు తల తిప్పుకున్నాడు.

"ఆమెకు చెప్పబాకన్నా," అన్నాడు. "నా రాయేనని నేను చెప్పేసినాను. ఆ పొద్దునుంచి నాతో పలకడంలా. నా చేతి నీళ్ళు గూడా తాగడంలా. నిన్నొక్కణ్ణే తలుచుకుంటా ఉండాది, వరదయ్యన్న రాబట్టే ఆస్పత్రికి చేరినానని. ఆ మంచి మాటన్నా మిగలనీ."

అంతలోనే మస్తానమ్మ ఇంట్లోంచి వచ్చింది. కుట్ల మీద ఒక చెయ్యి, రెండో చేతిలో మజ్జిగ గ్లాసు.

"ఎండన పడి వచ్చినావు గదన్నా, తాగు," అని గ్లాసు నాకిచ్చింది. మొగుడు అక్కడే ఉన్నా అటు చూడనైనా లేదు.

గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. తాగబుద్ధి కాలేదు. వద్దు వద్దని కొండలయ్య తల ఊపుతూనే ఉన్నాడు.

"అమ్మా, ఆ రాయి పాపం వీడిది కాదు. నాది. తీస్తానని చెప్పి మార్జిన్లో వదిలేసి పోయింది నేను."

ఆమె నా మొహంలోకి చూసింది. నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. మెల్లగా కొండలయ్య వైపు తిరిగింది. ఇన్ని రోజుల తర్వాత మొగుణ్ణి చూడడం అదే మొదలు.

"పొద్దన్నించి ఏమన్నా తిన్నావా?" అని అడిగి, ఆ గ్లాసు అతని చేతిలో పెట్టింది.

కొండలయ్య గ్లాసును రెండు చేతులతో పట్టుకుని భోరుమన్నాడు. ఆమె అతని పక్కనే నేల మీద కూర్చుంది. నేను వ్యాను దగ్గరికి నడిచాను. వెనకనుంచి ఎవరూ పిలవలేదు.