నీలి బొద్దింకకు మగతోడు

ఆ ఆదివారం పొద్దున్నుంచీ వెర్నా హ్యులెట్‌కి ఒళ్లు మండిపోతూనే ఉంది. బయట మార్చి మంచు కరిగి బురదవుతోంది. ఒహాయోలో వాళ్ల కౌంటీ సంతమైదానంలోని పశువుల షెడ్డు నిండా బల్లలు, బల్లల నిండా పాములు, తొండలు, సాలీళ్లు, వాటిని చూడ్డానికి టికెట్టు కొని మరీ వచ్చిన జనం. వెర్నా బల్ల ఎప్పట్లాగే తలుపు పక్కన, ఈదురుగాలి నేరుగా కొట్టే చోట. ఆమె అమ్మేది బొద్దింకలు. వంటింటి సింకు కింద తిరిగే గోధుమరంగు పీడ కాదు. అరటాకు పచ్చవి, పసుపు రెక్కలవి, నల్లటి ఒంటి మీద తెల్లచుక్కలవి. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాక ఆమెకి ఇదే లోకం.

ఆ లోకంలో ఆమె ప్రాణమంతా ఒక్క జాతి మీద ఉంది. నీలి బొద్దింక. వేలిగోరంత పురుగు. ఒళ్లంతా నెమలి మెడ నీలం, రెక్కల మీద నారింజ మచ్చలు. అందం సరే, ఆ జాతిలో ఓ తిరకాసుంది. మగవి ముందు ఎదుగుతాయి, ముందే పోతాయి. ఆడవి తీరిగ్గా రెక్కలు తొడుక్కుని వచ్చేసరికి ఒక్కోసారి పెళ్లికొడుకనేవాడే ఉండడు. ఈ శీతకాలం వెర్నా ఇంట్లో అదే జరిగింది. నాలుగు ఆడవి మిగిలాయి. మహా అయితే ఇంకో నెల బతుకుతాయి. ఈలోగా ఒక్క మగది దొరక్కపోతే ఆమె పన్నెండేళ్లుగా కాపాడుకొస్తున్న వంశం అంతటితో సరి.

రంగు బొద్దింకలు పెంచేవాళ్లలో ఓ ఆచారం ఉంది. అరుదైన జాతి ఎవరి చేతికొచ్చినా, అవి పిల్లలు పెట్టగానే ఇద్దరికి ఊరికే ఇవ్వాలి. నీ డబ్బాలో చచ్చినా వాళ్ల డబ్బాలో బతికుంటాయి, అడిగి తెచ్చుకోవచ్చు. వెర్నా ఈ ఆచారాన్ని నోములా పాటించింది. ఇద్దరికేం ఖర్మ, అడిగినవాడికల్లా ఇచ్చింది. ఇప్పుడు వాళ్లందరికీ ఫోన్లు చేస్తే ఒకడు నీళ్లు ఎక్కువ పోసి చంపానన్నాడు. ఇంకొకావిడ హీటరు ఆర్పేసి ఫ్లోరిడా వెళ్లొచ్చిందట. మూడోవాడైతే మిగిలిన నాలుగింటినీ అమ్మేశాడు.

"అమ్మేశావా? నేను ఊరికే ఇచ్చినవి అమ్మేశావా?"

"మంచి రేటొచ్చింది వెర్నా. కర్టిస్ కొన్నాడు."

కర్టిస్ పేరు వినగానే ఆమెకి సగం ఆశ పోయింది. కర్టిస్ లాంబ్రెక్ట్ బల్ల సరిగ్గా ఆమె బల్లకి ఎదురుగానే ఉంది. దాని మీద ఒక్కటే అద్దాల పెట్టె, దానికో చిన్న లైటు, ముందు 'అమ్మకానికి కాదు' అని అట్ట. అమ్మనివాడు సంతకెందుకొచ్చినట్టు? పదిమందీ నోరెళ్లబెట్టి చూడ్డానికి. వెర్నాకి ఆ అట్ట చూసినప్పుడల్లా పెట్టెతో సహా కర్టిస్‌ని బురదలోకి తోసెయ్యాలనిపిస్తోంది.

"వెర్నా గారూ, ఆకులున్నాయా?"

వచ్చింది నడీన్ బ్రూబేకర్. మూడో తరగతి టీచరు. సంత జరిగినప్పుడల్లా రెండు ఖాళీ గోనెసంచులు పట్టుకుని ప్రత్యక్షమవుతుంది. ఎండి మాగిన ఓక్ ఆకులు బొద్దింకలకి తిండీ, పడకానూ. వెర్నా తన పెరట్లోవి పోగుచేసి ఊరికే ఇస్తుంది.

"మళ్లీ రెండు సంచులా! ఇంతింత ఆకులేం చేస్తావమ్మా, సూపు కాచుకుంటావా?"

"అదే చెబుదామని..."

"తర్వాత, నడీన్, తర్వాత. ఇవాళ నా నెత్తిన నిప్పులున్నాయి. సంచులక్కడ పడేసి వెళ్లు, మా ఆయన నింపుతాడు."

వెర్నా భర్త డ్వేన్ హాట్‌డాగ్ నములుతూ తలూపాడు. నడీన్ సంచులు పెట్టి పాముల వైపు వెళ్లింది. వెర్నా దమ్ము బిగబట్టి ఎదురు బల్లకి నడిచింది.

"ఏమయ్యా కర్టిస్, ఒక్క మగదాన్నివ్వు. పిల్లలవగానే సగం నీకే తెచ్చిస్తాను."

"అమ్మకానికి కాదు. రాసుంది చూడు."

"కొంటానన్నానా? అడుగుతున్నాను."

"ఈ ఖండం మొత్తంలో వీటి పూర్తి కుటుంబం నా ఒక్కడి దగ్గరే ఉంది, వెర్నా. నీకిస్తే నువ్వు ఊరందరికీ పంచుతావు. అప్పుడు దీనికీ వంటింటి బొద్దింకకీ తేడా ఏముంటుంది?"

"రంగుంటుంది నాయనా! సర్లే, నీ కుటుంబం పిల్లల్ని పెట్టిందా?"

"ఇంకా లేదు. అవి పిల్లలుగా ఉన్నప్పుడు కొన్నాను, పోయిన నెలే రెక్కలొచ్చాయి. కుదురుకుంటున్నాయి."

"ఎప్పుడైనా తిప్పి పొట్టకేసి చూశావా?"

"ముట్టుకోకూడదు. బెదురుతాయి."

వెర్నా ఇంకేం అడగలేదు. అద్దాల పెట్టె రెండు చేతులా ఎత్తి కింద నుంచి చూసింది. కర్టిస్ గుండె పట్టుకున్నాడు. అమ్మినవాడు గట్టివాడే. మిగిలినవన్నీ మగవేనని చెప్పకుండా అంటగట్టాడు. ఈ లోకంలో అది పాత ఎత్తే. ఆడో మగో తేల్చే పొట్టకేసి కొన్నవాడు చూడకపోవడమే వింత.

"కర్టిస్, ఇది కుటుంబం కాదు, బ్రహ్మచారుల మఠం. నాలుగూ మగవే."

కర్టిస్ ముఖం పాలిపోయింది. అయితే ఎంతసేపు? రెండు గుటకలు మింగేలోపే మగపెళ్లివారి బింకం వచ్చేసింది.

"అయితే నీ ఆడవాటిని ఇటివ్వు. నా ఇంట్లోనే ఉంటాయి. పిల్లలు నావి. నీకు కొన్నిస్తాను, కానీ నువ్వింకెవరికీ ఇవ్వకూడదు. ఒట్టెయ్యాలి."

"ఆడపిల్లల్నిచ్చి, నీ కాళ్లు కడిగి, పైగా నోరు కూడా మూసుకోవాలా?"

"నీ ఇష్టం. నాకు తొందరలేదు."

తొందర అతనికీ ఉంది. మగవి ఆడవాటికన్నా ముందే పోతాయి. ఆ మాట వెర్నా అతనికి రెండుసార్లు చెప్పింది. కర్టిస్ పెట్టె లైటు సర్దుకున్నాడు. పురుగులు పోయినా ఫరవాలేదు, మాట నెగ్గాలి. గడ్డివాము దగ్గర కుక్కతో ఎవరు వాదించగలరు?

వెర్నా తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది. జన్మంతా పంచిపెట్టిన మనిషి ఇవాళ ఎవరికీ పంచనని ఒట్టెయ్యాలి.

"ఇవ్వనను. పోతే పోనీ," అన్నాడు డ్వేన్.

"పోతే పోతాయి డ్వేన్! అదే కదా నా ఏడుపు! వాడి దగ్గరైనా బతికుంటాయి కదా."

ఎవరికి ప్రేమ ఎక్కువో వాళ్లే ఓడిపోవాలి. ఇదేం న్యాయమో ఆమెకి అర్థం కాలేదు. మధ్యాహ్నం జనం పలచబడ్డాక, ఆడవాటి డబ్బా బల్ల కింద నుంచి తీసి పైన పెట్టి, కర్టిస్‌కి చెయ్యూపింది. అతను వెంటనే వచ్చాడు. ఒక చెయ్యి డబ్బా మీద వేశాడు. వెర్నా ఇంకా వదల్లేదు.

"ముందు ఒట్టు," అన్నాడు కర్టిస్.

సరిగ్గా అప్పుడే నడీన్ సంచుల కోసం వచ్చింది. డబ్బాలోకి తొంగిచూసింది.

"అయ్యో, మీ దగ్గర నాలుగే ఉన్నాయా? నేను తెచ్చిస్తానుండండి. మా బళ్లో మూడు టబ్బులున్నాయి."

వెర్నాకి చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో తెలియలేదు. "ఏంటి మూడు టబ్బులు?"

"ఇవే, నీలివి. అప్పుడెప్పుడో పిల్లలకి చూపించమని పెరుగు కప్పులో వేసి మీరే ఇచ్చారుగా? అలా పెరుగుతూనే ఉన్నాయి. ఆకులు చాలట్లేదు, అందుకే రెండేసి సంచులడుగుతున్నా. ప్రిన్సిపాల్ గారు తగ్గించమని గోల. ఏంచేయాలో తెలీక పికిల్‌కి వేస్తున్నాం."

"పికిలెవరు?"

"మా క్లాసు తొండ. మొదట్లో ఆవురావురుమని తినేవాడు. ఇప్పుడు వీటిని చూస్తేనే మొహం తిప్పేస్తున్నాడు."

కర్టిస్ చెయ్యి డబ్బా మీంచి దానంతటదే జారింది.

"తొండకా!" వెర్నా గొంతు షెడ్డంతా వినబడింది. "నేను ఒక్క మగదాని కోసం ఊరూరూ ఫోన్లు చేసి అడుక్కుంటుంటే, నువ్వు తొండకేస్తున్నావా? నాకొక్క మాట చెప్పొచ్చుగా!"

నడీన్ బెదిరిపోయింది. "చెప్పబోయినప్పుడల్లా మీరు 'తర్వాత, నడీన్' అంటారు కదండీ."

వెర్నా ఏళ్ల తరబడి గొప్పలు చెప్పేవాళ్ల గొప్పలన్నీ కూర్చుని విన్నది. ఆకులడిగే మనిషి మాట మాత్రం ఒక్కసారీ పూర్తిగా విన్లేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సంతోషమా, సిగ్గా, ఆ తొండ మీద కోపమా అంటే మూడూను.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికావు," అన్నాడు డ్వేన్, మూతికంటిన ఆవముద్ద తుడుచుకుంటూ.

"నువ్వు నోర్ముయ్యి."

కర్టిస్ గొంతు సవరించుకున్నాడు. "టీచరుగారూ, వాటిల్లో ఆడవి కూడా..."

"చూడలేదండీ. ఉండబట్టేగా అన్నయ్యాయి. మీకూ కావాలా? ఓ కప్పు తెచ్చుకోండి."

"ఇస్తుంది," అంది వెర్నా డబ్బా లాక్కుంటూ. "కానీ నువ్వు ఇద్దరికి ఊరికే ఇవ్వాలి. ఒట్టెయ్యి."

కర్టిస్ ఎదురు బల్ల మీది లైటుకేసీ, తన అట్టకేసీ చూశాడు. "ఆలోచించుకుని చెప్తాను," అన్నాడు.

వెర్నాకి అతన్ని తిట్టే ఓపిక కూడా లేదు. ఆకుల సంచులు రెండూ తనే భుజానికెత్తుకుంది.

"నడీన్, బడి తాళాలున్నాయా నీ దగ్గర?"

"ఉన్నాయి కానీ ఇవాళ ఆదివారమండీ. రేపు తెస్తాగా."

"రేపా! రేపటికి ఆ తొండకి మళ్లీ ఆకలేస్తే?" అంటూ వెర్నా అప్పటికే బురదలోకి దిగిపోయింది.