శుక్రవారం కారు

శూలగిరి దాటగానే ఆస్టిన్ కారు మళ్లీ మొరాయించింది. కోమలకు లోలోపల సంతోషం వేసింది, ఆ వెంటనే సిగ్గూ వేసింది.

సంతోషం ఎందుకంటే, ఆ కారును అమ్మేయడానికే కృష్ణగిరికి తీసుకుపోతున్నారు. హోసూరులో వాళ్లది బట్టల అంగడి, దాని వెనకే ఇల్లు, ఇంటినిండా జనం. మొగుడు ద్వారకనాథ్‌తో నాలుగు మాటలు మాట్లాడదామంటే వంటింట్లో తోడికోడళ్లు, వసారాలో అత్త, అంగడిలో గిరాకీలు. శుక్రవారం సాయంత్రం మామగారి కాలంనాటి ఈ కారులో బాగలూరు దాకా పోయివచ్చే ఆ కాసేపే వాళ్లిద్దరిదీ. అది కూడా ఈరోజుతో సరి. కొనే బాలసుబ్రమణ్యం కృష్ణగిరిలో కాచుకుని ఉన్నాడు. అక్కను చూసి వస్తానని కోమల కూడా ఎక్కి కూర్చుంది.

ఇంతకీ దానికి వచ్చిన రోగమేమిటి? కాస్త దూరం పోతుంది, ఆగిపోతుంది, కాసేపు నిలబెడితే మళ్లీ లేస్తుంది. మెకానిక్ ముత్యాలప్ప పంపు మార్చాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు, పైపులు ఊదాడు. అన్నీ బాగున్నాయంటాడు. కారు మాత్రం ఆగుతూనే ఉంది. విసుగెత్తే అమ్మేద్దామనుకున్నారు.

ద్వారకనాథ్ బానెట్ ఎత్తాడు. పంపు మీది గాజుగిన్నె ఖాళీగా ఉంది. "పెట్రోలు రాలేదు. ట్యాంకులో ఉండాదో లేదో చూడు కోమలా."

ఆమె వెనక్కి వెళ్లి మూత తిప్పింది. స్స్‌మని గాలి లోపలికి పోయింది. కోమల చెయ్యి ఆగిపోయింది. నూనె డబ్బాకు ఒకే బొక్క పెడితే నూనె రాదు, గాలి దూరడానికి ఇంకొకటి పెట్టాలి. అది తెలియని ఇల్లాలుంటుందా? మూతను వెలుగులోకి పట్టి చూసింది. నడుమ సూది పట్టేంత బొక్క. దాన్ని పూడ్చేసి గట్టిగా ఎండిపోయిన గంధం, పైన కుంకుమ.

పెట్టింది ఎవరని? తనే. ప్రతి శుక్రవారం దీపాలకూ స్టీరింగుకూ పెట్టి, మూతకూ పెట్టేది. బండి తినే నోరు కదా, దాన్ని వదిలేస్తే ఎలా అనుకునేది!

"ఏమండీ, ఇట్లా రాండి. దీనికి రోగం తెచ్చింది నేనే."

చెప్పిందంతా విని ద్వారకనాథ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేను తిరగని షెడ్డు లేదు. నువ్వేమో వారం వారం భక్తిగా దాని ముక్కు మూసినావా?"

తాళికి తగిలించుకున్న పిన్నీసు తీసి కోమల గంధం గీకేసింది. కారు లేచింది. మిట్టలు కూడా దగ్గకుండా ఎక్కింది.

"మంచిదైంది," అన్నాడు అతను హుషారుగా. "ఇంక ధైర్యంగా అమ్మొచ్చు. బేరంలో మనదే పైచేయి."

కోమలకు ఒళ్లు మండింది. ఈ మనిషి బుర్రలో అంగడి తప్ప ఇంకేమీ లేదా?

"అమ్మేస్తే మనం యాడ మాట్లాడుకునేది?" అంది. "ఇంట్లో మీరు నాతో ఏం మాట్లాడినారు? ఉప్పు ఎక్కువైందని, తాళంచెవి యాడ పెట్టినావని. తక్కినదంతా ఈ సీట్లో కూర్చొనే కదా చెప్పినారు. నాకు ఈ కారు కావాల."

ఎదురుగా వచ్చిన లారీకి దారి ఇచ్చాడు.

"నాకూ కావాల," అన్నాడు చివరికి.

"అయితే వెనక్కి తిప్పండి."

"తిప్పను. వస్తామని మాట ఇచ్చినాం. అమ్మేది లేదని ఆయన ముఖానే చెప్పి రావాల. పోయేదీ వచ్చేదీ, మనం మాట్లాడుకునేదానికి ఎంత దారి ఉండాదో చూడు."

కోమల కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అట్లయితే మెల్లగా తోలండి," అంది.