నాకిన తల్లి

సాలవ్వ పెంచుతున్న దుడ్డె బతుకు పరీక్షకు పోయిన ఒక రక్తపు చుక్క మీద ఆగి ఉంది.

మగ దుడ్డె మరి. ట్రాక్టర్లు వచ్చాక నాగిరెడ్డిపేట చుట్టుపక్కల మగ దుడ్డెలతో ఎవరికి పని? తల్లి పాలు చేపినన్నాళ్లు కట్టేసుకుంటారు, తర్వాత కామారెడ్డి వైపు పోయే వ్యాను ఎక్కిస్తారు. అక్కడి నుంచి ఎటు పోతాయో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తి అడగరు. ఈ దుడ్డెకు మాత్రం తప్పించుకునే దారి ఒకటి దొరికింది. సాలవ్వ బర్రె పూటకు ఎనిమిది లీటర్లిచ్చే బర్రె. అలాంటి బర్రె కొడుకును విత్తనపు దున్నగా పెంచుకుంటామని సర్కారు పశువుల కేంద్రం వాళ్లు ముందుకొచ్చారు. తల్లిదీ పిల్లదీ రక్తం తీసుకుపోయారు. కలిస్తే కేంద్రానికి, కలవకపోతే వ్యానుకు.

"మగదాన్ని మేపుడు నాతోని కాదు," అని ఆమె మొగుడు లింగం ముందే తేల్చేశాడు.

మంగళవారం పొద్దున ఎల్లారెడ్డి నుంచి పశువుల డాక్టరు శ్రీలత వచ్చింది. కొట్టంలోకి వస్తున్న ఆమె ముఖం చూడగానే సాలవ్వ చేతిలోని గడ్డి కింద పెట్టింది.

"అవ్వా, ఈ దుడ్డె ఈ బర్రెకు పుట్టలే. రక్తం కలుస్తలేదు."

సాలవ్వ గబుక్కున డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని వాకిలి దాటించి బాట మీదికి లాక్కుపోయింది.

"గా మాట బర్రె ఇనేకాడ అనకు బిడ్డా!"

శ్రీలతకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. అప్పుడు గొంతు తగ్గించి సాలవ్వ ఉన్నదంతా చెప్పింది. ఎనిమిది నెలల కిందట తన బర్రెకు చచ్చిన దుడ్డె పుట్టింది. ఆ రోజే గాంధారి దిక్కు తండాలో రుక్మాబాయి బర్రె ఈని చచ్చిపోతే పిల్ల దిక్కులేనిదయింది. సాలవ్వ దాన్ని ఆటోలో తెచ్చి, చచ్చిన దుడ్డె తోలు కప్పి, ఉప్పు రాసి బర్రె ముందు నిలబెట్టింది. బర్రె చాలాసేపు వాసన చూసింది. చివరికి నాకింది. ఒకసారి నాకాక అది దాని బిడ్డే. తర్వాత పరాయిదని తల్లి ముందు పలికితే తన్ని తరిమేస్తుందని సాలవ్వ అత్త చెప్పిపోయింది. కేంద్రం తరఫున పాలు కొలవడానికి వచ్చిన భూమేశ్ "దుడ్డె దీనిదేనా" అని అడిగింది సరిగ్గా బర్రె పక్కన నిలబడే. "దీనిదే," అంది సాలవ్వ. ఇంకేమంటుంది?

"అబద్ధమాడలే బిడ్డా. నాకింది, పాలిచ్చింది, కుక్కలొస్తే కొమ్ములు ఝాడించింది. తల్లికి ఇంకేం గావాలె?"

"నాకు సమజైతది అవ్వా. పరీక్షకు గాదు."

"రుక్మాబాయి బర్రె గూడ మంచిగనే పాలిచ్చేదట!"

"ఏడన్న రాసి ఉన్నదా?"

తండాలో ఎవరు రాస్తారు?

"ముందుముందు పుట్టిన్నాడే రక్తం జూసి, ఏది ఉండాల్నో ఏది పోవాల్నో చెప్తరు అవ్వా. గిట్ల నెలలకొద్ది ఆశ పెట్టుకునుడు ఉండది," అంది శ్రీలత. ఊరడింపుగానే అంది పాపం. సాలవ్వకు అది ఊరడింపు కాలేదు.

శుక్రవారం పొద్దున వ్యాను వచ్చింది. దుడ్డె మొండికేస్తే సాలవ్వే వేళ్లు నోట్లో పెట్టి, చీకుతుండగా వ్యానుకు ఆనించిన పలక మీదికి నడిపించింది. నమ్మి ఎక్కింది. ఆ పని చేసిన చేతిని ఆమె పొద్దంతా కడుక్కోలేకపోయింది, అన్నమూ తినలేదు.

సాయంత్రం బర్రె పాలు చేపలేదు. బాట వైపు మెడ చాచి ఒకటే అరుపు. సాలవ్వ చెంబు పక్కన పెట్టి లేచింది. ఇన్ని నెలలు దాచిన మాటను తానే దాని చెవిలో చెప్పింది.

"అది నీ బిడ్డ గాదే. ఏడ్వకు. నీ బిడ్డ పుట్టిన్నాడే సచ్చిపోయిందే."

బర్రె అరుపు ఆపింది. తల తిప్పి సాలవ్వ చెయ్యి వాసన చూసింది. పొద్దున దుడ్డె చీకిన ఆ వేళ్లను నాకడం మొదలుపెట్టింది.