ముతింత పుట్టిన ఏడాది

అమెరికాలో మా కాపెల్ ఊళ్ళో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా, పుట్టినరోజు మాట వస్తే చాలు, "ఒరిజినలా, సర్టిఫికెట్టా?" అని అడుగుతారు. మా తరంలో చాలామందికి రెండేసి పుట్టినరోజులు. ఒకటి కన్నతల్లి చెప్పింది, రెండోది బళ్ళో చేర్చేటప్పుడు హెడ్మాస్టారు తనకు తోచినట్టు వేసింది. అందుకే మాలో సగం మంది జూన్‌లోనే పుట్టాం. దాని మీద జోకులేసుకుని నవ్వుకునేవాళ్ళం. ఈ మధ్య నాకు ఆ నవ్వు రావడం లేదు.

మా పక్కింటి ఉమామహేశ్వరి నన్ను అక్కా అని పిలుస్తుంది. అమెరికా రాకముందు తనూ, భర్త శ్యామ్‌సుందరూ జాంబియాలో చోమా అనే ఊళ్ళో ఉండేవారు. అతను ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసేవాడు, ఉమ ప్రైమరీ బళ్ళో టీచరు. వాళ్ళింట్లో వంట చేసే అమ్మాయి జ్వరంతో పోయింది. ఆ అమ్మాయి కూతురే ముతింత. అప్పటికి దానికి మూడేళ్ళు. అమ్మమ్మ పొద్దున్నే కూలికి పోయేది, అందుకని పిల్ల ఉమ కొంగు పట్టుకుని పెరిగింది. ఉమకు పిల్లల్లేరు. ఇంక చెప్పేదేముంది, ప్రాణమంతా దాని మీదే పెట్టుకుంది.

ముతింత మాట్లాడేది అచ్చం ఉమలాగే గోదావరి తెలుగు. మొదటిసారి వీడియోలో నన్ను చూసి, "ఏవండీ, బాగున్నారా? అన్నం తిన్నారా?" అంటే నేను తెల్లబోయాను. మా అమ్మాయి అనిక ఇక్కడే పుట్టి, ఇక్కడే తెలుగు క్లాసుకి వెళ్ళి, 'తిన్నాను' అనడానికి మూడుసార్లు ఆగుతుంది. "చూసి నేర్చుకోవే!" అన్నాను. అది నన్ను కొరకొరా చూసింది.

శ్యామ్‌సుందర్‌ని కంపెనీ గ్రీన్‌కార్డు మీదే ఇక్కడికి పంపినప్పుడు ముతింతకు ఎనిమిదేళ్ళు. వెంట తెచ్చుకుందామంటే పిల్లకి పాస్‌పోర్ట్ లేదు. పాస్‌పోర్ట్ కావాలంటే బర్త్ సర్టిఫికెట్ కావాలి. పిల్ల పుట్టింది పల్లెలో, ఇంట్లో. పుట్టుక రాయించాలంటే జిల్లా ఆఫీసుకీ, ఆపైన రాజధాని లుసాకాకీ తిరగాలి. కూలికి పోకపోతే పొయ్యి వెలగని ముసలమ్మ ఎక్కడికని తిరుగుతుంది? అక్కడ ఇలాంటి పిల్లలు చాలామంది ఉన్నారని ఉమ చెప్పేది. కళ్ళెదుట ఆడుకుంటుంటారు, ప్రభుత్వం లెక్కలో మాత్రం ఇంకా పుట్టనే లేదు.

"సిటిజన్‌షిప్ రానీ, దత్తత చేసుకుని తెచ్చేసుకుంటాను" అని మాటిచ్చి వచ్చింది ఉమ. నిరుడు అదీ వచ్చింది. లుసాకాలో లాయర్‌ని పెట్టింది. ఈలోగా, గోరుచుట్టు మీద రోకటిపోటులా అమ్మమ్మ పోయింది. పిల్ల మేనమామ ఇంటికి చేరింది. ఇక ఉమ కాలు నిలవలేదు. మేడ మీద గదికి లేత పసుపు రంగు వేయించింది, మంచం కొంది, స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళని కనుక్కుని వచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల కదా, ఆగస్టులో హైస్కూల్లో చేరిపోతుందని ఊరంతా చెప్పింది.

జూన్ నెలలో ఒక శనివారం పొద్దున్న ఫోన్ చేసి, "అక్కా, అర్జెంట్‌గా రా!" అంది. నైటీ మీదే చున్నీ వేసుకుని పరిగెత్తాను. సర్టిఫికెట్ వచ్చిందట. నన్ను వాటేసుకుని, "మా ముతింత పుట్టిందక్కా!" అని ఏడ్చేసింది. పొయ్యి మీద సేమ్యా పాయసం ఉడుకుతోంది. నాకూ కన్నీళ్ళు ఆగలేదు. పురుడు పోసుకున్న ఇంట్లో ఉన్నట్టే అనిపించింది.

శ్యామ్‌సుందర్ లాప్‌టాప్ ముందు కూర్చుని అదే చూస్తున్నాడు. కాసేపటికి, "ఉమా, ఇయర్ చూశావా?" అన్నాడు.

"ఏమైంది?"

"ఈ లెక్కన దానికి పదహారు దాటిపోయాయి."

"వాళ్ళ మొహం. టైపింగ్ మిస్టేక్ అయ్యుంటుంది, లాయర్‌కి కాల్ చెయ్యి."

అమెరికా రూలు ప్రకారం పిల్లకి పదహారు నిండకముందే దత్తత పిటిషన్ పడాలని అప్పటికి నాక్కూడా తెలుసు. ఏడాదిగా ఆ ఇంట్లో వేరే మాటే లేదు మరి.

లాయర్ మ్వేంబా మంచి మనిషి. స్పీకర్‌లో నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పింది. పొరపాటేమీ కాదట. ఇంట్లో పుట్టిన పిల్ల, టీకాల కార్డు పోయింది, పుట్టినప్పుడు దగ్గరున్న అమ్మమ్మ లేదు. మిగిలిన ఆధారం బడి రిజిస్టర్ ఒక్కటే. అందులో ఉన్న ఏడాదే వేశారు. చివర్లో, "బడిలో చేర్పించింది మీరే కదా మేడమ్?" అంది.

ఉమ ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయింది.

అక్కడ బళ్ళో ఏడేళ్ళు వస్తేగాని చేర్చుకోరు. ముతింతకు అప్పుడు అయిదు. ఉమ అప్పుడే టీచరుగా చేరింది, తను బడికి పోతే పిల్ల ఇంట్లో ఒక్కతే. అందుకని రెండేళ్ళు ఎక్కువ వేయించింది. తనకు వాళ్ళ నాన్న వేయించలేదా? మనందరికీ వేయించలేదా? మన దగ్గర అదొక తప్పని ఎవరనుకుంటారు? వేయించి మరిచిపోయింది కూడా.

నాకు ఒళ్ళు మండిపోయింది. పుట్టిన పిల్లను పుట్టిన రోజున రాసుకోలేని ఆఫీసుల మీద కోపం వచ్చింది. అవి అందుబాటులో లేవు కాబట్టి ఉమ మీద అరిచాను. "అయిదేళ్ళ పిల్లకి అయిదని చెప్తే నీ సొమ్మేం పోయిందే!"

"ఒక్కతే ఉండాల్సొచ్చేది అక్కా" అంది ఉమ.

పాయసం అడుగంటి కమురు వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు. చివరికి నేనే వెళ్ళి స్టవ్ ఆపాను.

ఆ వారమంతా ఇక్కడి అటార్నీ చుట్టూ తిరిగారు. "నేనే అబద్ధం చెప్పానని రాసిస్తాను" అంది ఉమ. అప్పుడు అబద్ధం చెప్పిన మనిషి ఇప్పుడు నిజం చెబుతోందని ఎలా నమ్ముతారు అన్నాడతను. అక్కడి కోర్టుకెళ్ళి ఏడాది మార్పించినా, వీసా కోసమే మార్పించారంటారట. ఎముకల పరీక్ష రెండేళ్ళ తేడాని కచ్చితంగా తేల్చలేదట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ వారం దగ్గరుండి చూశాను.

మళ్ళీ శనివారం వచ్చింది. శనివారం శనివారం ముతింత ఫోన్ చేస్తుంది. ఉమ నన్ను పక్కన కూర్చోమంది. మాకు పొద్దున్న పదకొండు, బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. వాళ్ళకక్కడ చలికాలం, చీకటి పడుతోంది. తెర మీద ముతింత పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది.

"ఉమమ్మా! సర్టిఫికెట్ మామయ్య ఫోన్‌లో చూశాను. నేనెప్పుడు రావాలి?"

శ్యామ్‌సుందర్ లేచి గరాజ్‌లోకి వెళ్ళిపోయాడు. ఉమ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అందులో నీకు పదహారని పడింది, చూశావా?"

"చూశాను. మామయ్య ఒకటే నవ్వు. దిద్దిస్తావు కదా?"

"దిద్దరమ్మా. నేనే అలా వేయించాను. నిన్ను బళ్ళో చేర్చుకోవాలని వేయించాను. ఇప్పుడు దాని వల్లే నిన్ను తెచ్చుకోడానికి వీల్లేదంటున్నారు."

ముతింత నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"ఈ ఏడాదికేనా? అసలు కుదరదా?"

"అసలు కుదరదు తల్లీ."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తల వంచుకుని తన చేతులు చూసుకుంది.

"మరి నా దుప్పటి ఇచ్చేశాను ఉమమ్మా" అంది.

"ఏ దుప్పటి?"

"అమ్మమ్మది. అమెరికాలో నువ్వు కొంటావు కదా అని పక్కింటి రెబెకాకి ఇచ్చేశాను. స్వెట్టర్ వాళ్ళ చెల్లికి ఇచ్చేశాను. వెళ్ళిపోతున్నావు కదా అని అందరూ అడిగారు."

ముతింత రెండు భుజాలూ చేతులతో రుద్దుకుంది.

"దుప్పటి ఒక్కటీ తిరిగి అడుగుతానులే. రెబెకా మంచిదే, ఇచ్చేస్తుంది. ఇక్కడ రాత్రిళ్ళు బాగా చలేస్తోంది ఉమమ్మా."