నైట్ షిఫ్టు వారంలో మోగని ఫోను

నా కంప్యూటర్ కోర్సు క్లాసులో అందరికీ ఊర్జానగర్ పవర్ స్టేషన్‌లో ఇంటర్న్‌షిప్ దొరికింది. హెల్మెట్లు పెట్టుకుని ఫొటోలు కూడా దిగారు. నాకు దొరికినవి చంద్రపూర్‌లో కుట్టుమిషన్ల రిపేరు షాపు పైన రెండు గదులు, ఒక పాత కంప్యూటరు, రెండు ఫోన్లు. గుమ్మం మీద ‘ఆరోగ్య సలహా కేంద్రం’ అని మరాఠీలో బోర్డు. లోపల పని వేరు. మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు, ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లు, హిజ్రాలు, వీళ్ల హక్కుల కోసం కొట్లాడే సంస్థ అది. పోలీసులు పట్టుకుపోతే వకీలును పంపుతుంది, ఇంట్లోంచి గెంటేస్తే చోటు చూపిస్తుంది. అన్నిటికంటే ముందు ఫోన్ ఎత్తుతుంది.

ఇంట్లో మాత్రం కంప్యూటర్ సెంటర్ అని చెప్పాను. పూర్తి అబద్ధం కాదు, కంప్యూటర్ ఉంది కదా.

నా పని ఆ ఫోన్లను కంప్యూటర్‌కు కలిపి, కాల్ రాగానే ముందుగా ఒక రికార్డు వినిపించేలా చేయడం. ఒక లైను మరాఠీది. రెండోది సాస్తి, బల్లార్‌పూర్ గనుల దగ్గరి తెలుగు కుటుంబాల కోసం. కరపత్రాలు వేస్తే లాభం లేదు. మేమంతా మరాఠీ బడుల్లో చదివినవాళ్లం, తెలుగు మాట్లాడతాం కానీ చదవాలంటే నీళ్లు నములుతాం. అందుకే గొంతు కావాలి. ఆఫీసులో తెలుగొచ్చిన గొంతు నాదొక్కటే.

రేడియోలో వార్తలు చదివేవాళ్లలా రికార్డు చేశాను. “నమస్కారం. మీ సమస్యను నిస్సంకోచంగా తెలియజేయండి.” నన్ను కన్న మా అవ్వ విన్నా పోల్చుకోలేదు. నాకు కావలసింది అదే. మేముండే సాస్తి కాలనీలో ఒక్కరికి తెలిసినా సాయంత్రానికి గనిలో పనిచేసే మా బాపు చెవిన పడుతుంది, మర్నాటి నుంచి నాకు బస్సు బంద్.

తెలుగు లైనుకు ఒకే ఒక్క కాల్ వచ్చేది. రికార్డు వింటారు. నేను “చెప్పండి” అంటాను. అవతల శ్వాస, దాని వెనక ఒక కూలర్ టకటక. అంతే, పెట్టేస్తారు. ఆ కూలర్ చప్పుడు వల్లే అన్నీ ఒక మనిషివే అని తెలిసింది. ఒక వారమంతా పొద్దున మోగింది. తర్వాతి వారం సాయంత్రం. ఆ తర్వాతి వారం అసలు మోగలేదు. మళ్లీ పొద్దున, మళ్లీ సాయంత్రం.

“ఎవడో టైంపాస్ చేస్తున్నాడు. నెలాఖరుకు ఆ లైను కూడా మరాఠీకి ఇచ్చేద్దాం,” అన్నాడు ప్రతీక్ మరాఠీలో. సంస్థ నడిపేది అతనే.

“నంబరు చూపించే డబ్బా పెట్టనా? ఐదు నిమిషాల పని.”

“వద్దు. నంబరు చూసిన రోజు మనకూ పోలీసులకూ తేడా ఉండదు.”

నాకు కుదురు పోయింది. పెన్ను మూత కొరికాను. బస్సులో కిటికీ తెరిచాను, మూశాను. కాలనీ స్టాపులో మూడిళ్ల అవతలి శ్రావణ్‌కుమార్ ఎప్పటిలాగే ఆపాడు. బీకాం పరీక్షలు రాసి ఫలితాల కోసం ఇంట్లో కూర్చున్నాడు. “ఏం మేడం, మా కాలిక్యులేటర్ ఎప్పుడు బాగుచేస్తవ్?” అతనికి ఆ జోకు ఒక్కటే వచ్చు.

ఆ శుక్రవారం బాపు అన్నం తింటూ, “సోమవారం నుంచి నైట్,” అన్నాడు.

“ఇగ పగలంత ఇంట్ల చప్పుడు చెయ్యొద్దు. గిన్నె పడ్డా లేస్తడు మీ బాపు,” అంది అవ్వ.

నా చేతిలో ముద్ద ఆగింది. ఫోన్ చేసే మనిషి తండ్రి మార్నింగ్ షిఫ్టుకు పోతే పొద్దున కాల్. సెకండ్ షిఫ్టుకు పోతే సాయంత్రం కాల్. నైట్ వారం తండ్రి పగలంతా ఇంట్లోనే ఉంటాడు, కాల్ ఉండదు. పైగా ఆ వారాలు సరిగ్గా మా బాపు వారాలే. అంటే బాపు జట్టువాళ్ల ఇల్లు. ఆ జట్టంతా మా వరుస క్వార్టర్లలోనే ఉంటారు. ఆ మనిషి నాకు తెలుసు, నేనూ ఆ మనిషికి తెలుసు.

వచ్చేది నెలలో చివరి వారం, నైట్ వారం. ఫోను మోగదు. లైను పోతుంది.

శనివారం పాత రికార్డు తీసేసి ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాను. “ఏం మాట్లాడకున్నా ఏం కాదు. ఊకె ఫోన్ పట్టుకొని ఉండు. బాపు నైట్ల ఉంటే పొద్దుగూకంగ చాయ్‌కి పోతడు గద, అప్పుడు చెయ్యి. మేం ఉంటం.”

“ఎవరినైనా తిడుతున్నావా?” అన్నాడు తెలుగు రాని ప్రతీక్.

ఆ సాయంత్రం కాల్ వచ్చింది. నేను ఎత్తలేదు. కంప్యూటర్ స్పీకర్లో కూలర్ చప్పుడు రికార్డు చివరిదాకా వినిపించింది.

సోమవారం పొద్దుగూకే వేళ ఫోన్ ముందు కూర్చోలేక, దూరం పోలేక గదిలో తిరుగుతూ ఉన్నాను. మోగింది. రికార్డు అయిపోగానే ఎత్తాను.

“అనూషా?”

శ్రావణ్. పెట్టేస్తే నా గుట్టు దక్కుతుంది, మళ్లీ అతను చేయడు.

“ఇక్కడ పేర్లు అడగం,” అన్నాను.

“నువ్వే! అచ్చం మీ అవ్వ లెక్కనే అన్నవ్. ఆ రేడియో ఆమె ఏమైంది?”

“లీవ్ పెట్టింది.”

చిన్నగా నవ్వాడు. తర్వాత కూలర్ టకటక ఒక్కటే.

“మా బాపుకు చెప్తవా?”

“మా బాపుకు నువ్ చెప్తవా?”

“నేనెవరో ఎరుకేనా నీకు?”

“ఎరుక లేదు.”

“నిజంగ?”

“ఫోన్ చేసినోళ్లెవరో మాకు ఎరుకుండదు. గదే ఇక్కడి రూలు.”

“ఒకడున్నడు,” అన్నాడు. “రాజుర ఊర్ల. నాతోనే చదివిండు. రెండేండ్లాయె. గీ మాట నా నోట్లకెల్లి గిప్పుడే బయటికొచ్చింది.”

“వచ్చింది గద. ఇంక చెప్పు.”

చెప్పాడు, వాళ్ల బాపు చాయ్ తాగి వచ్చేదాకా.

మర్నాడు పొద్దున స్టాపులో నేను బస్సు ఎక్కబోతుంటే నైట్ షిఫ్టు దిగింది. మొహమంతా బొగ్గుపొడితో శ్రావణ్ వాళ్ల బాపు రాజలింగు కాక, ఆయన టిఫిన్ డబ్బా అందుకుంటూ శ్రావణ్.

“ఏం మేడం,” అన్నాడు శ్రావణ్. “మా కాలిక్యులేటర్?”

“వచ్చే వారం పొద్దుగాల. తెరిచే ఉంటం.”

“కంప్యూటర్ చదివే పిల్లకు గదెంత పనిరా,” అన్నాడు రాజలింగు కాక, చేతులు దులుపుకుంటూ.