అరక్షణం ముందు

“తలలున్నాయి, చేతులున్నాయి, దూకడానికి ఎక్కిన బల్ల ఉంది. దూకడం ఒక్కటే లేదు!” కెమెరా వెనకున్న తెర మీద ఫొటోలు జరుపుతూ మరిది పావుగంట నుంచీ నవ్వుతూనే ఉన్నాడు. “వదినా, వీళ్లు ఈతకొచ్చారా, బస్సు కోసం నిలబడ్డారా?”

అత్తగారు కళ్లజోడు సర్దుకుని తొంగిచూసింది. “పాపం, ఆ పాత చిన్న కెమెరాతో బాగానే తీసేది. దాని చేతికి అదే అచ్చొచ్చింది.”

“నేను మొత్తుకునేదీ అదే,” అన్నాడు భర్త. “మనకెందుకు ఇంత కెమెరా? వారంలోపల ఇస్తే షాపువాడు వెనక్కి తీసుకుంటాడు. ఎల్లుండితో వారం.”

“మనకి కాదండీ, నాకు,” అని ఆమె మరిది చేతిలోంచి కెమెరా లాక్కుంది.

ఆమె ఈతకొలను దగ్గర టికెట్లు ఇస్తుంది. పిల్లలకి టికెట్టాంటీ. అరచేతిలో ఇమిడే చిన్న కెమెరాతో తొమ్మిదేళ్లుగా వాళ్లు దూకుతుంటే ఫొటోలు తీసి నోటీసుబోర్డుకి అంటిస్తోంది. వాటిలో నీళ్లూ మసకే, మొహాలూ మసకే. ఆదివారం డైవింగ్ పోటీలు. ఆ ఫొటోలు తనకే వదిలెయ్యమని కోచ్‌ని అడిగింది. “శుక్రవారానికల్లా ఒక్క మంచిది చూపించండి మేడమ్. లేకపోతే బయటివాణ్ని పిలుస్తాను,” అన్నాడతను. అందుకే ఈ లెన్సుల కెమెరా కొంది. తీరా అరవై ఫొటోలు తీస్తే ఒక్క పిల్లా గాల్లో లేదు.

మర్నాడే శుక్రవారం. మధ్యాహ్నం కౌంటర్ మూసి మళ్లీ కొలను గట్టున నిలబడింది. మళ్లీ అదే వరస. అందరూ బల్ల మీదే. ఏమీ తోచక సొరుగులోంచి పాత కెమెరా తెచ్చి మీట నొక్కింది. అది కాస్త ఆలోచించింది, గురగురమంది, అప్పుడు క్లిక్‌మంది.

ఆమె మళ్లీ నొక్కి చూసింది. మళ్లీ అదే ఆలస్యం.

ఆ ఆలస్యాన్ని ఇన్నేళ్లూ పూడ్చింది తన వేలు! పిల్ల మోకాళ్లు వంచగానే నొక్కేసేది. యంత్రం తేరుకునేసరికి పిల్ల గాల్లో ఉండేది. కొత్తది అలా కాదు, నొక్కిన క్షణమే తీస్తుంది. అంటే తనకి చేతకాక కాదు. మొద్దు యంత్రంతో కాపురం చేసి చేసి, చెయ్యి దాని తీరుకి తిరిగిపోయింది. దాన్ని పట్టుకునా ఇంటిల్లిపాదీ తనకి చిన్నదే అచ్చొచ్చిందంటున్నారు? ఆమెకి ఒళ్లు మండింది.

“టికెట్టాంటీ, దూకనా?” బల్ల మీంచి ఒక పిల్ల అరిచింది.

“దూకు. నావైపు చూడకు!”

మోకాళ్లు వంగాయి. నొక్కలేదు. వేలు జివ్వుమని లాగింది. బల్ల ఊగింది. ఇంకా నొక్కలేదు. పాదాలు లేచాయి, ఒళ్లు విల్లులా తిరిగింది.

నొక్కింది.

తెర మీద తలకిందులుగా పిల్ల, జడ కొసన విడివడిన నీటిబొట్లు, బిగించి మూసుకున్న కళ్ల రెప్పలతో సహా. కోచ్ కెమెరాని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. “ఇది మన కొలనేనా మేడమ్? ఆదివారం ఏడింటికల్లా వచ్చెయ్యండి.”

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఛార్జరూ బిల్లూ పెట్టెలో సర్ది, భర్త చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. “కెమెరా ఇటివ్వు. ఇప్పుడే ఇచ్చేసి వస్తాను.”

ఆమె పెట్టెలోంచి ఛార్జరు తీసి గోడకున్న ప్లగ్గుకి పెట్టింది.

“ఇవాళ్టివి చూపించు వదినా, కాసేపు నవ్వుకుంటాం,” అన్నాడు మరిది.

“బాగా రాలేదు కాబోలు, దాస్తోంది,” అన్నాడు భర్త.

ఆమె వేలు తెర వెలిగించే మీట మీదకి వెళ్లింది. ఆ ఒక్క ఫొటో చూపిస్తే ముగ్గురి నోళ్లూ మూతపడతాయి. సరే, అయితే ఉంచుకో అంటారు. అక్కడ ఆగిపోయింది. వీళ్లు మార్కులేసి పాస్ చేస్తేనా ఇది తనదయ్యేది? కెమెరా ఆపేసి బల్ల మీద పెట్టింది.

“వచ్చినా రాకపోయినా ఇది నాదే,” అంది.

రాత్రి భోజనాలకి అందరూ కూర్చున్నాక, అత్తగారికి మంచినీళ్లు అందిస్తూ, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా చెప్పింది:

“కెమెరా వెనక్కి ఇవ్వడం లేదు. ఆదివారం పొద్దున్నించి సాయంత్రం దాకా పోటీల దగ్గర ఫొటోలు తీస్తుంటాను. ఆ రోజు వంట ఎవరు చేస్తారో మీ ముగ్గురూ తేల్చుకోండి.”