పక్కింటి పసుపు జెండా

కొండ మీదున్న మా కురుమిసావ ఊళ్ళో పొద్దున ఎనిమిదింటికల్లా ప్రతి గుమ్మం పక్కనా పసుపు జెండా కనబడాలి. చేతిరుమాలంత గుడ్డ, ఒక వెదురుపుల్ల, అది గుచ్చడానికి గోడకు బిగించిన చిన్న గొట్టం. అంతే. నేను లేచాను, బాగానే ఉన్నాను, నా గురించి కంగారు పడకండి అని దానికి అర్థం. చీకటి పడేలోపు మళ్ళీ లోపలికి తీసుకోవాలి. పన్నెండు ఇళ్ళు మిగిలిన ఊరు మాది, అందులో తొమ్మిదింట్లో ఒంటి మనుషులమే. ఎనిమిది దాటాక వాడ పెద్ద కురామోచి గారు ఊరంతా ఒక చుట్టు చుడతారు. జెండా లేని ఇల్లు కనబడితే తలుపు కొడతారు, పలకకపోతే తన దగ్గరున్న మారు తాళంచెవితో తీసుకుని లోపలికి వెళతారు. కిందటేడు హతనాకా ముసలాయన స్నానాల గదిలో పడిపోతే అలాగే దొరికాడు. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడు. ఇప్పుడాయన నాకంటే గట్టిగా ముల్లంగి మడి తవ్వుకుంటున్నాడు.

ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

నా పేరు కినుయో. ముప్పై ఏళ్ళు బడి వంటగదిలో మూడొందల మంది పిల్లలకు వండి పెట్టాను. పెనాల చప్పుడు మధ్య అరిచి అరిచి గొంతు పెద్దదైపోయింది, నోటికి ఎలాగూ అదుపు లేదు. పక్కింటి సుమినో అక్క నాకంటే ఐదేళ్ళు పెద్దది. ఆవిడ గట్టిగా తుమ్మినా ఎదుటివాళ్ళకు ఇబ్బందేమోనని సర్దుకునే మనిషి. ఒకరికి శ్రమ ఇవ్వడం అంటే ఆవిడకు ప్రాణం పోయినంత పని. మా ఇద్దరికీ ఎలా పొసిగిందో నాకిప్పటికీ తెలియదు, కానీ ముప్పై ఎనిమిదేళ్ళు పొసిగింది.

నవంబరు మొదట్లో ఆవిడకొక ఉత్తరం వచ్చింది. చిన్నబడిలో కలిసి చదివిన వాళ్ళు వేడినీటి ఊటలుండే ఊళ్ళో ఒక సత్రంలో కలుస్తున్నారట. నలభై మందిలో ఐదుగురం మిగిలాం, ఇదే ఆఖరుసారి, ఇక మీదట పిలుపులు ఉండవు అని రాశారు. గురువారం వెళ్ళి ఆదివారం రావడం. అక్క ఆ ఉత్తరాన్ని నాలుగు రోజులు కొంగులో ముడి వేసుకున్నట్టు తిప్పింది. వెళ్ళాలని ఉంది, వెళుతున్నానని ఊళ్ళో చెప్పడానికే భయం.

ఎందుకంటే చెబితే కురామోచి గారు ఊరుకోరు. ఇల్లిల్లూ తిరిగే నోటీసు పలక మీద రాసేస్తారు. అది చూసి పదకొండు ఇళ్ళవాళ్ళూ దారి ఖర్చుకని తలా ఒక కవరు పట్టుకుని వస్తారు. కవరు తీసుకున్నాక ప్రతి ఇంటికీ ఒక మిఠాయి పెట్టె తేవాలి. పోయిన వసంతంలో వాడ సమావేశంలో ఈ ఆచారం ఇక వద్దని అందరం చేతులెత్తి రద్దు చేశాం. ఆ మాట మొదట ఎత్తింది సుమినో అక్కే, ముసలివాళ్ళం ఈ మోతలు మోయలేమని. తీరా పది రోజులకే ఒకాయన కంటి ఆపరేషనుకి పట్నం పోతుంటే అందరం చీకట్లో ఒకరికి తెలియకుండా ఒకరు కవర్లు ఇచ్చొచ్చాం. సిగ్గులేని ఊరు.

"నా జెండా నువ్వే పెట్టవే," అంది అక్క. "పొద్దున పెట్టు, సాయంత్రం తియ్యి. ఆదివారం చీకటి పడేసరికి నేనొచ్చేస్తాను. ఎవరికీ తెలియదు."

"లేచిపోయే పిల్లలాగా ఏంటక్కా ఇది? ఆ ఐదుగురిలో ముసలి ప్రియుడెవడైనా ఉన్నాడా?"

"ఒకడున్నాడు. వాడికి చెవులు వినబడవు," అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

సరేనన్నాను. నిజం చెప్పాలంటే నాకు సరదా వేసింది కూడా. కురామోచి గారి కళ్ళుగప్పడం అంటే మా ఊళ్ళో అంతకు మించిన వినోదం ఏముంది? నాకేం తెస్తావని అడిగాను. రద్దు చేయించిన దాన్ని నేనే తెస్తే ఏం బాగుంటుంది అంది. నాకు లోపల చురుక్కుమంది. అంత రహస్యం మోస్తున్నాను, నాకొక పెట్టె తేవడానికి నీతులా అనుకున్నాను.

మంగళవారం సామాను చేరవేసే వ్యాను వచ్చి ఆవిడ పెట్టెను ముందుగానే సత్రానికి తీసుకుపోయింది. మా ఊళ్ళో ముసలివాళ్ళెవరూ ఇప్పుడు బరువు మోసుకుని ప్రయాణం చేయరు. బుధవారం సాయంత్రం అక్క ఎడమచేతి వేళ్ళు రుద్దుకుంటూ కనబడింది. తిమ్మిరి పట్టాయి అంది. పెట్టె సర్ది సర్ది పట్టేసుంటాయి, వేడినీళ్ళలో మునిగితే అవే పోతాయి అన్నాను. నేనేదో వైద్యం చదివినట్టు.

ముందురోజు రాత్రి అక్క తన జెండా నాకు ఇచ్చిపోయింది, గురువారం పొద్దున ఏడున్నరకి దాన్ని ఆవిడ గుమ్మం పక్కన పెట్టాను. మొదటి బస్సు ఆరూ నలభైకే పోయింది. మా ఆగే చోట ఎక్కితే నలుగురూ చూస్తారని, వంతెన దగ్గర ఆపమని డ్రైవరుతో ముందే చెప్పుకుంది అక్క. అందుకే ఆవిడ వెళ్ళడం చూడలేదు, చూడాలనీ అనుకోలేదు. ఆ రోజంతా శీతాకాలపు మొదటి గాలి విసిరికొట్టింది. సాయంత్రం జెండా తీయడానికి వెళితే లోపల టెలిఫోను మోగుతోంది. చాలాసేపు మోగి ఆగింది, మళ్ళీ మోగింది. ముసలివాళ్ళను మోసం చేసి డబ్బు గుంజే దొంగలు ఫోన్లు చేస్తుంటారు, ఎవరూ ఎత్తవద్దని పోలీసులు ఊరూరా తిరిగి చెప్పారు కదా. మోగి మోగి చావండి అనుకున్నాను. అప్పుడే తలుపు కింది భాగంలో టక్, టక్ మని చప్పుడు వినబడింది. పైసగం గరుకు అద్దం బిగించిన పాత జరుగుడు తలుపు, గాలికి కొట్టుకుంటోందనుకుని వచ్చేశాను.

శుక్రవారం పొద్దున జెండా పెట్టేటప్పుడు ఆ చప్పుడు మళ్ళీ వచ్చింది. ఒకసారి టక్ మని ఆగి, చాలాసేపటికి ఇంకోసారి. ఇలా వదిలేస్తే అద్దం పగులుతుంది, అక్క వచ్చి బాధపడుతుంది అనిపించింది. ఇంటికెళ్ళి అట్టముక్క తెచ్చి, నాలుగు మడతలు పెట్టి, తలుపుకీ గడపకీ మధ్య సందులో మడమతో తన్ని బిగించాను. నిలబడి విన్నాను. చప్పుడు ఆగింది. చేతులు దులుపుకుని నా పనితనానికి నేనే మెచ్చుకున్నాను. తాళం వేసి పోయిన ఇంటి తలుపు లాగి చూడాలని ఎవరికి తోస్తుంది? అలా లాగడం మా దగ్గర దొంగ పని కింద లెక్క.

ఆ పొద్దున గాలి లేదు. నా చేత్తో పెట్టిన జెండా కదలకుండా కిందికి వేలాడింది. కళ్ళారా చూశాను. చూసి కూడా గాలికే తలుపు కొట్టుకుందని నమ్మాను.

ఎనిమిది దాటాక కురామోచి గారు వచ్చారు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన సుమినో అక్క గుమ్మం ముందు ఆగి, "సుమినో గారూ, చలి మొదలైంది, లోపలే వెచ్చగా ఉండండి," అని కేకేసి, జెండాకి తల ఊపి వెళ్ళిపోయారు. నవ్వు ఆపుకోలేక చేతిగుడ్డ నోట్లో కుక్కుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మొహం నేనే చూసుకోలేను.

శనివారం నాకు పట్నంలో మోకాళ్ళ డాక్టరు దగ్గర పని. జెండా పెట్టి, ఎనిమిదీ పది బస్సు ఎక్కాను. బస్సులో నేనొక్కదాన్నే. డ్రైవరు నిషివాకి నేను వండిన అన్నం తిని పెరిగినవాడే. వంతెన దాటుతుంటే అద్దంలోంచి నన్ను చూసి అడిగాడు.

"అత్తా, సుమినో గారికి ఒంట్లో బాగాలేదా? గురువారం ఇక్కడ ఆపమన్నారు. మూడు నిమిషాలు ఆగాను, రాలేదు."

తర్వాతి బస్సులో వెళ్ళిందేమో అన్నాను. ఆ రోజంతా నేనే నడిపాను అత్తా, ఆవిడ ఏ బస్సూ ఎక్కలేదు అన్నాడు. టాక్సీ పిలుచుకుని ఉంటుందా? మా కొండకు టాక్సీ వస్తే కుక్కలతో సహా అందరికీ తెలుస్తుంది. ఫోను మోగడం గుర్తొచ్చింది. దొంగలు కాదు, సత్రంలో ఎదురుచూస్తున్నవాళ్ళు. ఆ తర్వాత అట్టముక్క గుర్తొచ్చింది. ఆపమని అరిచాను. నిషివాకి ఏమైందని అడుగుతూనే ఉన్నాడు, నేను దిగిపోయాను.

మోకాళ్ళ నొప్పి ఏమైందో తెలియదు, ఎగువ దారిలో పరుగెత్తాను. దూరం నుంచే సుమినో అక్క జెండా కనబడుతోంది, పసుపుపచ్చగా, అంతా క్షేమం అంటూ. గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద పడి అట్టముక్క లాగాను. అంత గట్టిగా బిగించానా, గోళ్ళు విరిగాయి. కురామోచి గారి దగ్గర తాళంచెవి తేవాలి అనుకుంటూనే తలుపు మీద చెయ్యి వేశాను. అది జరిగింది. తాళమే లేదు. మూడు రోజులుగా లేదు.

అక్క లోపల గడప పక్కనే పడి ఉంది. ప్రయాణపు కోటు వేసుకుంది, ఒక కాలికే బూటు ఉంది. కుడిచేతిలో బూటు తొడుక్కునే పొడుగాటి ఇనుపబద్ద. తలుపు కింది చెక్క మీద ఆ బద్ద కొసతో పడిన సొట్టలు, కొన్ని లోతుగా, కొన్ని గీతల్లాగా. గురువారం పొద్దున బయలుదేరుతూ పడిపోయింది, ఒక పక్కంతా చచ్చుబడి మాట పోయింది, నిన్న రాత్రి దాకా ప్రాణం ఉండి ఉంటుంది అన్నాడు డాక్టరు. నేను ఆ పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. అక్క తల ఉన్న చోటు నుంచి చూస్తే గరుకు అద్దంలోంచి పసుపు మచ్చ ఒకటి కనబడుతోంది. నేను వచ్చి అది పెట్టడం ఆవిడకు రోజూ కనబడే ఉంటుంది. అది గుమ్మం పక్కన ఉన్నంతసేపూ ఎవరూ లోపలికి రారని కూడా ఆవిడకు తెలుసు.

ఆ సాయంత్రం అక్క కూతురు మిహారు నగోయా నుంచి వచ్చింది. అప్పటికే ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. కురామోచి గారు తెల్లబోయి, శుక్రవారం జెండా ఉంది, ఈ పొద్దునా ఉంది, నేను పలకరించాను కూడా అని పదేపదే చెబుతున్నారు. ఎవరికీ శ్రమ ఇవ్వకూడదని ఆవిడ ఆత్మే వచ్చి పెట్టిందని ఆడవాళ్ళు చేతులు జోడించారు. సుమినో గారంటే సుమినో గారే అన్నారు. నేను నోరు మూసుకుంటే అదే నిజమై నిలిచిపోయేది. రహస్యం తెలిసిన రెండో మనిషి చాప మీద తెల్లగుడ్డ కింద పడుకుని ఉంది.

మిహారు నా ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని నా రెండు చేతులూ పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి.

"పిన్నీ, గురువారం పడిపోయిన మనిషి జెండా ఎలా పెట్టిందంటారు? వీళ్ళు చెబుతున్నది నిజమేనా?"

"నేను పెట్టానమ్మా," అన్నాను. "రోజూ నేనే పెట్టాను. తలుపు చప్పుడవుతోందని అట్ట కూడా నేనే కుక్కాను."

మిహారు నా చేతులు మెల్లగా వదిలింది. కొంచెం వెనక్కి జరిగి, నుదురు చాపకు తగిలేలా వంగింది.

"మా అమ్మ మీకు చాలా శ్రమ ఇచ్చింది. క్షమించండి."

కొట్టినా బాగుండేది. జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చినా బాగుండేది. నేనూ చాపకు తల ఆనించాను, పైకి ఎత్తే ధైర్యం చాలాసేపు రాలేదు. ఊళ్ళో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. వారం తిరక్కుండా నోటీసు పలక మా ఇంటికి వచ్చింది. ఒకరి జెండా ఇంకొకరు పెట్టరాదు అని కురామోచి గారు కుదురైన అక్షరాలతో రాశారు, ఎవరి పేరూ లేదు. చూశానని ముద్ర వేసి పక్కింటికి ఇవ్వాలి. మా వరసలో నా తర్వాత ఇల్లు సుమినో అక్కది. అలవాటు కొద్దీ ఆ గుమ్మం దాకా వెళ్ళి, పలక పట్టుకుని వెనక్కి తిరిగాను.

అంతకు ముందే, మంగళవారం, సత్రం నుంచి ఆవిడ పెట్టె తిరిగొచ్చింది. ఇంట్లో ఎవరూ లేరని వ్యానువాడు నా చేత సంతకం పెట్టించుకుని ఇచ్చిపోయాడు. మీరే తెరిచి చూడండి పిన్నీ, నా వల్ల కాదు అంది మిహారు. పైన ఉన్ని బనీను, కింద మడతలు పెట్టిన పెద్ద గుడ్డ, పెట్టెలు మూట కట్టుకోవడానికి. గుడ్డలో చిన్న కాగితం. పదకొండు ఇళ్ళ పేర్లూ రాసుకుంది అక్క, ఏ ఇంటికి ఏ మిఠాయో, చక్కెర జబ్బు ఉన్న హతనాకా గారికి ఉప్పు బిస్కెట్లని కూడా. ఊరందరికీ చెప్పకుండా వెళ్ళి, ఊరందరికీ తేవాలనే అనుకుంది. నా పేరు అన్నిటికంటే పైన ఉంది. కినుయోకి రెండు పెట్టెలు, లేకపోతే అలుగుతుంది అని రాసింది.

ఆ కాగితం మిహారుకే ఇచ్చేశాను, నా దగ్గర ఉంచుకునే హక్కు లేదని. ఇప్పుడు కూడా పొద్దున్నే నా జెండా నేను పెట్టుకుంటాను, కురామోచి గారు వచ్చి చూసి వెళతారు. పక్కింటి తలుపు నిజంగానే పాతది, గాలి వీస్తే కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ నేను లేచి వెళ్ళి ఆ తలుపు జరిపి చూస్తాను.